ఏ బ్యారియర్ సరిపోతుందో తేల్చే పనిముట్టు: హెర్డ్7 సమీక్ష

ఒకటికి మించి కోర్లున్న ప్రాసెసర్ కోసం లాక్‌లు లేకుండా కోడ్ రాసే ఎవరికైనా ఒక ప్రశ్న తప్పదు: ఈ రెండు వరుసల మధ్య మెమొరీ బ్యారియర్ (ముందున్న మెమొరీ పనులూ తర్వాతి పనులూ తారుమారు కాకుండా ఆపే సూచన) కావాలా, కావాలంటే ఏది? చాలాకాలం నేను ఈ ప్రశ్నకు రెండే రకాలుగా జవాబు వెతుక్కున్నాను. అనుమానం కలిగిన ప్రతిచోటా అన్ని రకాల వరుసలనూ కాపాడే ఫుల్ బ్యారియర్ పెట్టేయడం ఒకటి, లైనక్స్ కెర్నెల్‌లో అలాంటి పనే చేసే కోడ్ ఎక్కడుందో చూసి దాన్ని అనుకరించడం రెండోది. మొదటిది గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం. రెండోది, ఆ కోడ్ రాసినవారి అవసరమూ నా అవసరమూ ఒకటేనన్న నమ్మకం మీద ఆధారపడిన పని. ఆ నమ్మకం ఎంత తరచుగా తప్పుతుందో కింద చెబుతాను. ఈ రెండు అలవాట్లనూ నా చేత మాన్పించిన పనిముట్టు హెర్డ్7. దానికి ఇతర ఉపయోగాలు చాలా ఉన్నా, బ్యారియర్‌ను ఎంచుకోవడమనే ఒక్క పనికి అది ఎంతవరకు అక్కరకొస్తుందో మాత్రమే ఇక్కడ చూస్తాను.

హెర్డ్7 ఒంటరిగా రాదు. హెర్డ్‌టూల్స్7 అనే సముదాయంలో అది ఒక భాగం. పరీక్షలను అసలు ప్రాసెసర్ మీద నడిపే లిట్మస్7, అదే పనిని లైనక్స్ కెర్నెల్ లోపల చేసే కెలిట్మస్7, పరీక్షలను తానే పుట్టించే డీఐవై7 దాని వెంట వస్తాయి. జేడ్ ఆల్గ్లేవ్, లూక్ మరాంజే అనే ఇద్దరు పరిశోధకులు దీని నిర్మాణంలో ముఖ్యులు. మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంది, రుసుము ఏమీ లేదు. దానికి మనం రెండు వస్తువులు అందించాలి. మొదటిది లిట్మస్ పరీక్ష: రెండు మూడు థ్రెడ్లు, వాటి మధ్య రెండు మూడు ఉమ్మడి వేరియబుళ్ళు, చివర "ఈ విలువలు ఇలా కనబడటం సాధ్యమా" అనే ఒక షరతు, అంతే. రెండోది మెమొరీ నమూనా: ఏ రాత (మెమొరీలో విలువ రాయడం) ఏ చదువుకు (అక్కడి విలువను చదవడానికి) ముందుండాలో, ఏ సంబంధాలు చుట్టూ తిరిగి మొదలైన చోటికే చేరకూడదో చెప్పే నియమాల సమాహారం, ఇది క్యాట్ అనే చిన్న భాషలో రాసి ఉంటుంది. హెర్డ్7 మన పరీక్షను ఏ ప్రాసెసర్ మీదా నడపదు. పరీక్ష నడిచే తీరుల్లో సాధ్యమయ్యే ప్రతి నడకనూ కాగితం మీద గీసినట్టు గీసి, నియమాలు ఒప్పుకోని వాటిని కొట్టేసి, మిగిలిన వాటిలో మన షరతు ఎక్కడైనా నిజమవుతుందేమో చెబుతుంది.

లైనక్స్ కోసం రాసిన నమూనా 2018లో 4.17 కూర్పుతో కెర్నెల్ మూలకోడ్‌లోకే చేరింది. టూల్స్ ఫోల్డర్ కింద మెమొరీ-మోడల్ అనే పేరుతో ఉంటుంది. నేను ఎక్కువగా వాడేది ఇదే. ఎక్స్86, ఆర్మ్, పవర్, రిస్క్-ఫైవ్ అసెంబ్లీలకూ, సీ11 భాషకూ వేరువేరు నమూనాలు హెర్డ్‌టూల్స్7తోనే వస్తాయి.

స్థాపన గురించి రెండు మాటలు చాలు. పనిముట్టు ఓకామెల్ భాషలో రాసినది కాబట్టి ఆ భాషకు చెందిన ప్యాకేజీ పనిముట్టు ఓపామ్ ద్వారా తెచ్చుకోవడం సులువైన దారి. అయితే కెర్నెల్‌లోని నమూనా ఫైళ్ళూ హెర్డ్7 కూర్పూ ఒకదానికొకటి సరిపడాలి. పొంతన లేకపోతే వచ్చే తప్పు సందేశం క్యాట్ ఫైలులో ఏదో వరుస సంఖ్యను చూపిస్తుందే తప్ప అసలు కారణం చెప్పదు. ఏ కూర్పు కావాలో ఆ ఫోల్డర్‌లోని రీడ్‌మీలోనే రాసి ఉంది. దాన్ని ముందే చూడకుండా నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

పరిచయానికి ఎస్‌బీ (స్టోర్ బఫరింగ్) పరీక్షను మించినది లేదు. ఎక్స్, వై రెండూ మొదట సున్నాలు. మొదటి థ్రెడ్ ఎక్స్‌లో 1 రాసి వైని చదువుతుంది; రెండో థ్రెడ్ వైలో 1 రాసి ఎక్స్‌ను చదువుతుంది; ఇద్దరికీ సున్నానే కనబడగలదా అన్నది షరతు. ప్రోగ్రామ్‌ను పైనుంచి కిందికి చదివే మనిషికి ఇది అసాధ్యంగా తోస్తుంది, ఎందుకంటే ఎవరో ఒకరు ముందు రాసి ఉండాలి కదా. కానీ ప్రతి కోర్ తన రాతను ముందు తన స్టోర్ బఫర్‌లో దాచుకుని, అది క్యాష్‌కు చేరేలోగానే తర్వాతి చదువును ముగించుకోగలదు. వరుస విషయంలో కఠినంగా ఉంటుందని పేరున్న ఎక్స్86 కూడా ఈ ఒక్క సడలింపును అనుమతిస్తుంది. బ్యారియర్లు లేని పరీక్షను ఇస్తే హెర్డ్7 నాలుగు ముగింపు స్థితులను చూపి, చివర "సమ్‌టైమ్స్ 1 3" అని రాస్తుంది: షరతును నిజం చేసే నడక ఒకటి, చేయనివి మూడు అని అర్థం. రెండు థ్రెడ్లలోనూ రాతకూ చదువుకూ మధ్య ఎస్ఎంపీ_ఎంబీ (కెర్నెల్‌లోని ఫుల్ బ్యారియర్) పెట్టి మళ్ళీ ఇస్తే స్థితులు మూడుకు తగ్గి "నెవర్ 0 3" అని వస్తుంది. ఒక్కవైపే పెట్టి చూస్తే మళ్ళీ "సమ్‌టైమ్స్". బ్యారియర్లు జంటగానే పనిచేస్తాయన్న మాటను ఎన్నోసార్లు చదివి తలూపిన నాకు, ఒక వరుస తీసేయగానే జవాబు తిరగబడటం చూశాకే అది ఒంటబట్టింది.

ఇక్కడే ఒక ఫిర్యాదు. ఫలితంలోని మొదటి వరుసలో పరీక్ష పేరు పక్కన "అలౌడ్" అని ఉంటుంది. నెవర్ అని తేలిన పరీక్షలోనూ అదే ఉంటుంది! ఆ మాట షరతును మనం ఏ రూపంలో అడిగామో చెబుతుందే కాని జవాబును కాదు. అసలు జవాబు కింద "అబ్జర్వేషన్" అన్న వరుసలో ఉంటుంది. ఈ సంగతి తెలియక మొదటి రోజు సరైన కోడ్‌ను తప్పు కోడ్‌గా భావించి దిద్దడానికి పూనుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. ఇన్నేళ్ళుగా వాడుకలో ఉన్న పనిముట్టులో ఈ ఒక్క మాటను మార్చకపోవడానికి కారణం నాకు తోచలేదు.

ఇక అసలు పరీక్ష. ఒక ప్రొడ్యూసర్, ఒక కన్జ్యూమర్ మాత్రమే ఉండే రింగ్ బఫర్‌ను (గదులను వలయంగా తిరిగి తిరిగి వాడుకునే క్యూను) తీసుకుందాం. ప్రొడ్యూసర్ ఒక గదిలో డేటా రాసి హెడ్‌ను పెంచుతుంది. కన్జ్యూమర్ హెడ్‌ను చూసి, గదిలోని డేటాను చదివి, టెయిల్‌ను పెంచుతుంది. ప్రొడ్యూసర్ టెయిల్‌ను చూసి, ఖాళీ అయిన గదిలో మళ్ళీ రాస్తుంది. ఈ బొమ్మలో మొదటి సగం అందరికీ తెలిసినదే: డేటా రాత హెడ్ రాతకన్నా ముందు బయటికి కనబడాలి, హెడ్ చదువు డేటా చదువుకన్నా ముందు జరగాలి. దీనికి రాసేవైపు రాతల బ్యారియర్ ఎస్ఎంపీ_డబ్ల్యూఎంబీ, చదివేవైపు చదువుల బ్యారియర్ ఎస్ఎంపీ_ఆర్ఎంబీ పెట్టి సరిచూస్తే హెర్డ్7 నెవర్ అంటుంది; రెండిటిలో ఏది తీసేసినా సమ్‌టైమ్స్ అంటుంది. అంతవరకు నేను అనుకున్నదీ అదే.

రెండో సగం దగ్గర నేను బోల్తాపడ్డాను. టెయిల్‌ను పెంచడం కూడా ఒక రాతే కాబట్టి, అలవాటు ప్రకారం దానికి ముందు ఎస్ఎంపీ_డబ్ల్యూఎంబీయే పెట్టాను. ఆ కోడ్ ఎక్స్86 యంత్రాల మీద నెలల తరబడి నడిచింది; ఆర్మ్ బోర్డుల మీద కూడా నడిచింది; దాన్ని సమీక్షించినవారెవరూ తప్పుపట్టలేదు. హెర్డ్7 నేర్చుకుంటూ సాధన కోసం ఆ భాగాన్ని లిట్మస్ పరీక్షగా కుదించినప్పుడు వచ్చిన జవాబు "సమ్‌టైమ్స్ 1 2". మొదట పరీక్షే తప్పుగా రాశాననుకున్నాను. తప్పు పరీక్షలో లేదు. ఇక్కడ టెయిల్ రాతకు ముందు జరగవలసిన పని గదిలోని డేటాను చదవడం, అంటే లోడ్. ఎస్ఎంపీ_డబ్ల్యూఎంబీ రాతకూ రాతకూ మధ్య వరుసను కాపాడుతుందే తప్ప దానికి ముందున్న చదువుల జోలికి పోదు. నియమాల ప్రకారం చూస్తే టెయిల్ పెరిగిందన్న వార్త ముందు బయటికి పోయి, ప్రొడ్యూసర్ ఆ గదిని కొత్త డేటాతో నింపేసి, ఆ తర్వాత కన్జ్యూమర్ దాన్ని పాత డేటా అనుకుని చదవడం సాధ్యమే. డబ్ల్యూఎంబీ తీసి టెయిల్‌ను ఎస్ఎంపీ_స్టోర్_రిలీజ్‌తో రాయగానే జవాబు "నెవర్ 0 2" అయింది, ఎందుకంటే రిలీజ్ తనకు ముందున్న రాతలనూ చదువులనూ రెండిటినీ పట్టి ఉంచుతుంది.

ఆ తప్పు ఇంతకాలం ఎందుకు బయటపడలేదు? ఎక్స్86 చదువును దాని తర్వాతి రాతకన్నా వెనక్కి పోనివ్వదు, కాబట్టి అక్కడ అది ఎన్నటికీ బయటపడదు. ఆర్మ్ నిర్మాణ నియమాలు దాన్ని అనుమతిస్తాయి. కానీ నా దగ్గరున్న బోర్డుల మీద అదే పరీక్షను కెలిట్మస్7తో పదేపదే నడిపినా ఆ ఫలితం ఒక్కసారి కూడా కనబడలేదు. ఈ సముదాయంలోని రెండు పనిముట్లూ ఒకే ప్రశ్నకు వేర్వేరుగా జవాబు చెప్పినట్టు తోచినా, నిజానికి అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. ఈ చిప్ ఇప్పటివరకు ఏం చేసిందన్నది కెలిట్మస్7 చెబుతుంది, రేపటి చిప్ ఏం చేసినా ఫిర్యాదు చేసే హక్కు మనకు ఎక్కడ లేదన్నది హెర్డ్7 చెబుతుంది. బ్యారియర్‌ను ఎంచుకోవలసింది రెండో జవాబును బట్టి. ఈ ఒక్క కారణానికే నేను దీన్ని సిఫారసు చేయగలను.

నిద్ర, మేల్కొలుపు వ్యవహారం ఇంకొకటి. పని లేని థ్రెడ్ "నేను నిద్రపోతున్నాను" అనే ఫ్లాగ్‌ను రాసి, నిజంగా పడుకోబోయే ముందు క్యూలో ఏమైనా ఉందేమో చివరిసారి చూస్తుంది. పని తెచ్చే థ్రెడ్ క్యూలో పని పెట్టి, ఎవరైనా నిద్రలో ఉన్నారేమోనని ఫ్లాగ్‌ను చూస్తుంది. రిలీజ్, అక్వైర్ (తర్వాతి పనులను తనకు ముందుకు రానివ్వని చదువు) జంట చాలా చోట్ల సరిపోతుందన్న ధీమాతో ఇక్కడా వాటినే పెట్టేవారిని ఎందరినో చూశాను. కాసేపు ఆలోచిస్తే ఇది పేర్లు మార్చుకున్న ఎస్‌బీ పరీక్షేనని తెలుస్తుంది: ఇద్దరూ ముందు రాస్తారు, తర్వాత రెండోవారిది చదువుతారు. రిలీజ్ రాతకూ దాని తర్వాతి అక్వైర్ చదువుకూ మధ్య కెర్నెల్ నమూనా ఏ వరుసనూ హామీ ఇవ్వదు; హెర్డ్7 నిర్మొహమాటంగా సమ్‌టైమ్స్ అంటుంది. పని క్యూలో ఉంటుంది, పనివాడు నిద్రలో ఉంటాడు, లేపేవారు ఉండరు. ఇక్కడ గొడ్డలే కావాలి: రెండువైపులా ఎస్ఎంపీ_ఎంబీ. థ్రెడ్ స్థితిని మార్చే కెర్నెల్‌లోని సెట్_కరెంట్_స్టేట్ తన లోపలే ఫుల్ బ్యారియర్‌ను మోసుకు తిరగడానికి కారణమూ ఇదే.

ఈ పరీక్షనే ఆర్మ్ 64 బిట్ అసెంబ్లీలో ఎస్‌టీఎల్‌ఆర్ (రిలీజ్ రాత), ఎల్‌డీఏఆర్ (అక్వైర్ చదువు) సూచనలతో రాసి ఆర్మ్ నమూనాకు అప్పగిస్తే మాత్రం నెవర్ అని వస్తుంది. రెండు జవాబులూ సరైనవే. ఆర్మ్ నిర్మాణం ఎస్‌టీఎల్‌ఆర్ తర్వాత వచ్చే ఎల్‌డీఏఆర్‌ను దానికన్నా ముందుకు దూకనివ్వదు. కానీ కెర్నెల్ కోడ్ పవర్ ప్రాసెసర్ల మీద కూడా నడవాలి, అక్కడ రిలీజ్, అక్వైర్‌లు ఎల్‌డబ్ల్యూసింక్ అనే బ్యారియర్ సూచనగా మారతాయి, ఎల్‌డబ్ల్యూసింక్ రాత నుంచి చదువుకు వరుసను కాపాడదు. ఎక్స్86 మీద అవి మామూలు మూవ్ సూచనలే కాబట్టి అక్కడా ఇదే గతి. కాబట్టి పరీక్ష రాసే ముందు, కోడ్ ఏ వాగ్దానం మీద నిలబడాలో మనం తేల్చుకోవాలి. ఒకే చిప్ కోసం రాసే ఫర్మ్‌వేర్‌కు ఆ చిప్ నమూనా చాలు; పలు నిర్మాణాల మీద నడిచే కోడ్‌కు అది చాలదు. నమూనా ఫైలు పేరు మార్చినంత తేలికగా ఈ తేడాను చూపించే పనిముట్టు మరొకటి నాకు తారసపడలేదు.

ఈ పనిముట్టు చెప్పనిది ధర. రింగ్ బఫర్ మొదటి సగానికి మూడు రకాల జంటలు ఇచ్చి చూశాను: రెండువైపులా ఎస్ఎంపీ_ఎంబీ, డబ్ల్యూఎంబీతో ఆర్ఎంబీ, రిలీజ్‌తో అక్వైర్. మూడింటికీ జవాబు "నెవర్ 0 3". సరిపోయేవి మూడున్నప్పుడు వాటిలో ఏది మేలన్నది మన తలనొప్పే. కెర్నెల్‌లో ఎక్స్86 కోసం ఎస్ఎంపీ_డబ్ల్యూఎంబీ, ఎస్ఎంపీ_ఆర్ఎంబీ, రిలీజ్, అక్వైర్ అన్నీ కంపైలర్‌ను కట్టిపడేసే గీతలు మాత్రమే, అదనంగా ఒక్క సూచన కూడా పుట్టదు. ఎస్ఎంపీ_ఎంబీకి మాత్రం స్టాక్ మీద లాక్ ముందుమాటతో సున్నాను కలిపే ఒక సూచన వస్తుంది, దాని ఖర్చు గట్టిగానే తెలుస్తుంది. ఆర్మ్ 64 బిట్ మీద ఎస్ఎంపీ_ఎంబీ డీఎంబీ ఐఎస్‌హెచ్ అనే సూచన అవుతుంది, డబ్ల్యూఎంబీ దానిలో రాతలకు పరిమితమైన ఐఎస్‌హెచ్‌ఎస్‌టీ రూపం, ఆర్ఎంబీ ఐఎస్‌హెచ్‌ఎల్‌డీ రూపం. రిస్క్-ఫైవ్‌లో ఫెన్స్ అనే ఒకే సూచనకు ముందు ఏవి, తర్వాత ఏవి అని అక్షరాలతో చెప్పుకోవచ్చు. బ్యారియర్ అంటే అసలు ఏమిటో కొత్తవారికి వివరించడానికి నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. జవాబులు సమానమైనప్పుడు నేను రిలీజ్, అక్వైర్ జంటకే మొగ్గుతాను. వేగం ఒక కారణం; అంతకన్నా పెద్ద కారణం చదివేవారి సౌకర్యం. డబ్ల్యూఎంబీ రెండు వరుసల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది, అది ఏ రాతను ఏ రాత నుంచి కాపాడుతోందో వ్యాఖ్య చదివితే తప్ప తెలియదు. రిలీజ్ అయితే హెడ్ అనే వేరియబుల్‌కే అంటుకుని ఉంటుంది, కాబట్టి దాని జంట అక్వైర్ ఎక్కడుండాలో వెతకడం సులువు. పైగా నేను చేసిన లాంటి తప్పు దానితో జరగదు.

ఆల్ఫా ప్రాసెసర్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాయింటర్‌ను చదివి, దాని ద్వారా డేటాను చదివేటప్పుడు రెండో చదువు మొదటిదాని మీద ఆధారపడి ఉంది కాబట్టి వరుస దానంతట అదే నిలుస్తుందని మిగతా ప్రాసెసర్లన్నీ ఒప్పుకుంటాయి, ఆల్ఫా ఒప్పుకోలేదు. దానికోసం పుట్టిన ప్రత్యేక బ్యారియర్ కెర్నెల్‌లో ఏళ్ళపాటు అందరినీ తికమకపెట్టి, చివరికి ఉమ్మడి వేరియబుల్‌ను చదివే రీడ్_వన్స్‌లో కలిసిపోయి, 2020లో 5.9 కూర్పు నాటికి పేరుతో సహా మాయమైంది. ఇప్పుడు ఇలా పాయింటర్‌ను చదవడానికి కెర్నెల్‌లో ఉన్న ఆర్సీయూ_డీరెఫరెన్స్ వాడే పరీక్షను హెర్డ్7కు ఇస్తే, చదివేవైపు వేరే బ్యారియర్ ఏదీ లేకుండానే నెవర్ వస్తుంది. పాత పుస్తకాలు చదివి అక్కడ ఆర్ఎంబీ పెట్టేవారు దాన్ని తీసేయవచ్చు.

ఇప్పుడు లోపాలు. అన్నిటికన్నా పెద్దది, పనిముట్టు కంపైలర్‌ను చూడదు. ఒక చదువు ఫలితాన్ని బట్టి ఇఫ్ వేసి, ఆ ఇఫ్ లోపల రాస్తే, చదువుకూ రాతకూ మధ్య కంట్రోల్ డిపెండెన్సీ ఉందని కెర్నెల్ నమూనా వరుసను ఒప్పుకుంటుంది. రెండు శాఖల్లోనూ అదే విలువను అదే చోట రాసి ఉంటే కంపైలర్ ఆ రాతను ఇఫ్‌కు పైకి లాగేయగలదు, అప్పుడు ఆ ఆధారమే ఉండదు. హెర్డ్7 మాత్రం నెవర్ అనే చెబుతుంది. చదివిన విలువను సున్నాతో గుణించి ఆధారం ఉన్నట్టు చూపే చిట్కా కూడా ఇలాంటిదే: కాగితం మీద నిలుస్తుంది, కంపైలర్ చేతిలో నిలవదు. నా రింగ్ బఫర్‌లో ప్రొడ్యూసర్ వైపు టెయిల్‌ను చూసి గదిలో రాసేచోట నేను ముందు ఇలాంటి డిపెండెన్సీ మీదే ఆధారపడ్డాను. పుట్టిన అసెంబ్లీని చూసి ప్రస్తుతానికి క్షేమమేనని తేల్చుకున్నాక కూడా, కంపైలర్ కూర్పు మారినప్పుడల్లా మళ్ళీ చూసే ఓపిక లేక అక్వైర్ పెట్టేశాను. నమూనాను తయారు చేసినవారు ఈ పరిమితిని దాచలేదు, తమ పత్రాల్లో స్పష్టంగానే రాశారు. కానీ "నెవర్" అన్న మాట చదివిన ఉత్సాహంలో ఆ పత్రాలు గుర్తుకు రావు.

రెండో లోపం పరిమాణం. ఉమ్మడి వేరియబుళ్ళూ వాటిని తాకే వరుసలూ పెరిగేకొద్దీ గీయవలసిన నడకల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. ఎస్‌బీ వంటి పరీక్ష కన్నుమూసి తెరిచేలోగా ముగుస్తుంది. నాలుగు థ్రెడ్లు, ఒక్కోదానిలో అర డజను చర్యలు పెట్టి చూసినప్పుడు, జవాబు కోసం కాచుకోవడం కన్నా పరీక్షను రెండు ముక్కలు చేయడం తెలివైన పని అనిపించింది. లూప్‌లకు హద్దు పెట్టాలి, స్ట్రక్చర్లూ అర్రేలూ మామూలు సీలో రాసినట్టు రాయలేము. కాబట్టి మన కోడ్‌ను ఉన్నదున్నట్టు దీనికి ఇవ్వడం అన్నది జరగని పని. కోడ్‌లో నిజంగా ఏ రెండు రాతలు, ఏ రెండు చదువులు ఒకదానితో ఒకటి తలపడుతున్నాయో మనమే ఏరి, వాటినే పరీక్షగా మలచాలి. మొదట్లో ఇది నాకు విసుగు పుట్టించింది. ఇప్పుడు, ఎంపికలో ఎక్కువ భాగం ఈ ఏరడంలోనే జరిగిపోతోందని ఒప్పుకుంటున్నాను. టెయిల్ దగ్గర తలపడుతున్నవి చదువూ రాతా అని కాగితం మీద పెట్టిన నిమిషమే డబ్ల్యూఎంబీ మీద నాకు అనుమానం రావలసింది. తప్పుగా ఏరితే మాత్రం హెర్డ్7 కాపాడదు: అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

పత్రాల విషయంలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. కెర్నెల్ నమూనాతో వచ్చే వివరణ పత్రం చాలా మంచిది, మొదటినుంచి చివరి దాకా ఓపికగా చదవదగినది. హెర్డ్7 సొంత పత్రం పరిశోధకులకు రాసినట్టుంటుంది. క్యాట్ భాషలో ఒక నియమాన్ని మార్చి చూడాలనుకున్నవారు ఇబ్బంది పడతారు. ఒక మెచ్చుకోలు: రీడ్_వన్స్, రైట్_వన్స్ పెట్టడం మరిచి మామూలుగా చదివి రాసిన చోట పోటీ ఏర్పడితే, కెర్నెల్ నమూనా 5.3 కూర్పు నుంచి "ఫ్లాగ్ డేటా-రేస్" అని ఒక వరుస జోడిస్తుంది. అది కనబడినప్పుడు మిగతా జవాబును నమ్మకూడదు.

దీనికి బదులుగా ఏమున్నాయని అడిగేవారికి క్లుప్తంగా చెబుతాను. నడుస్తున్న కెర్నెల్‌లో డేటా రేసులను పట్టే కేసీశాన్ 2020లో 5.8 కూర్పుతో వచ్చింది, 2022లో 5.17 నుంచి తప్పిపోయిన బ్యారియర్లను కూడా కొంతవరకు పట్టగలుగుతోంది. అది అసలు కోడ్‌నే చూస్తుంది, కాబట్టి ఏరవలసిన పని లేదు. కానీ నడిచిన దారిని మాత్రమే చూస్తుంది. యూజర్ స్పేస్‌లో (కెర్నెల్ బయటి ప్రోగ్రాముల్లో) రేసులను పట్టే థ్రెడ్‌శానిటైజర్‌ను నమ్ముకున్నవారు, విడిగా పెట్టిన ఫెన్స్‌లను అది అర్థం చేసుకోదని జీసీసీ కంపైలర్ స్వయంగా హెచ్చరిస్తుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. నేను కోడ్ రాసే ముందు హెర్డ్7, రాశాక కేసీశాన్ వాడతాను; ఒకటి ఉందని రెండోదాన్ని వదులుకోలేదు.

లాక్‌లతో పని జరిగిపోయేవారికి ఈ పనిముట్టు అక్కరలేదు, వారు లాక్‌లతోనే సుఖంగా ఉండటం మంచిది. లాక్ లేని కోడ్ రాసేవారు, అంతకు మించి ఇతరుల లాక్ లేని కోడ్‌ను సమీక్షించేవారు దీన్ని తప్పక నేర్చుకోవాలని నా అభిప్రాయం. "ఇక్కడ బ్యారియర్ ఎందుకు" అని అడిగితే "ఎందుకైనా మంచిదని" అనే జవాబు వచ్చిన ప్రతిచోటా, ఇప్పుడు నేను పది పదిహేను వరుసల లిట్మస్ ఫైలును జతచేయమని అడుగుతున్నాను. సగం సందర్భాల్లో ఆ ఫైలు రాస్తూ రాస్తూనే రాసినవారు తమ బ్యారియర్‌ను మార్చుకుని వస్తున్నారు.

డివైస్ డ్రైవర్లు రాసేవారు మాత్రం దీనిమీద ఆశలు పెట్టుకోకూడదు. డిస్క్రిప్టర్‌లోని (పరికరానికి పని అప్పగించే మెమొరీ నమోదులోని) వివరాలను నింపి, చివర సొంతదారు బిట్‌ను పరికరానికి అప్పగించే ముందు కావలసినది డీఎంఏ_డబ్ల్యూఎంబీ. ఎస్ఎంపీ_ అని మొదలయ్యే బ్యారియర్లు కోర్ల మధ్య వరుస కోసమే పుట్టినవి, ఒకే కోర్ కోసం నిర్మించిన కెర్నెల్‌లో అవి కంపైలర్ గీతలుగా మిగిలిపోతాయి, పరికరం మాత్రం అప్పుడూ మెమొరీకి వెళ్ళే దారి (బస్) మీద రెండో పాఠకుడిగా ఉంటుంది. ఆర్మ్ 64 బిట్ మీద డీఎంఏ_డబ్ల్యూఎంబీ డీఎంబీ ఓఎస్‌హెచ్‌ఎస్‌టీ అవుతుంది, ముందు ఎస్ఎంపీ_ లేని ఉత్త డబ్ల్యూఎంబీ ఇంకా బరువైన డీఎస్‌బీ ఎస్‌టీ అవుతుంది. ఈ తేడాలేవీ కెర్నెల్ నమూనాలో లేవు, ఎంఎంఐఓ (పరికరం రిజిస్టర్లను మెమొరీలా తాకడం), డీఎంఏ (పరికరమే మెమొరీని తాకడం) రెండూ దాని పరిధికి బయటివే. ఆ పనికి నేను ఇప్పటికీ నిర్మాణ సూచన గ్రంథాన్నీ, కెర్నెల్‌లోని మెమొరీ బ్యారియర్ల పత్రాన్నీ పక్కపక్కన తెరిచిపెట్టుకుని కూర్చుంటున్నాను.